మధ్య స్పీకరు

అక్టోబరు 3, సోమవారం

సొసైటీ వాళ్ళు సెట్‌టాప్ బాక్సులు మార్పించారు. నూట పన్నెండు ఫ్లాట్లకీ ఒకే కంపెనీ, ఒకే రోజు. వసంతంలో ఓటింగు జరిగినప్పుడు వద్దని చేతులెత్తింది తొమ్మిది మంది. అందులో నేనొకణ్ణి.

పదింటికి ఒకతను వచ్చాడు. పాత పెట్టె తీసి, కొత్తది పెట్టి, ఏడు నిమిషాల్లో వెళ్ళిపోయాడు. కొత్తదాని వెనక ఎరుపు, తెలుపు రంధ్రాలు లేవు. తొమ్మిదేళ్ళుగా మా ఆంప్లిఫయర్‌కీ స్పీకర్లకీ ధ్వని వెళుతున్నది ఆ ఎర్ర తెల్ల తీగల మీదే. "మరి మా స్పీకర్లు?" అని అడిగాను. తలుపు వైపు తిరిగి ఏదో అన్నాడు. అటు తిరిగి మాట్లాడితే ఎవరికి అర్థమవుతుంది?

ప్రస్తుతానికి ధ్వని టీవీలోంచే. తీగలు చుట్టి సొరుగులో పెట్టాను.

అక్టోబరు 7, శుక్రవారం

భోజనానికి టాకోలు, ఎదురుగా టీవీ. అన్ని శుక్రవారాల్లాగే. ఎనిమిదింటికి మన సీరియల్ ఒకటి వేశారు. అరగంటలో పది మాటలు కూడా తెలియలేదు. గొంతులో బంగాళాదుంప పెట్టుకుని మాట్లాడతారని డెన్మార్క్ వాళ్ళని మనం ఎగతాళి చేస్తాం. ఆ దుంప ఇప్పుడు నార్వేకి దిగుమతి అయినట్టుంది. చిత్రమేమిటంటే, తర్వాత వచ్చిన డెన్మార్క్ సీరియల్ మాత్రం ముక్క ముక్కా స్పష్టం.

పెట్టెలో ఏదో ఉంది.

బోర్గిల్డ్‌కి కొత్త అలవాటు పట్టుకుంది. తెర మీద వాళ్ళు అన్నదాన్ని మళ్ళీ తను అంటుంది. నలభై నాలుగేళ్ళ కాపురంలో లేని అలవాటు. చికాకుగా ఉంది కానీ చెప్పలేదు.

అక్టోబరు 9, ఆదివారం

ఓస్లో నుంచి ఈదున్ ఫోను. వసంతంలో షూటింగు జరిగిన సీరియల్ ప్రసారానికి తేదీ ఖాయమైందట. నవంబరు 20, ఆదివారం, సాయంత్రం ఎనిమిది. టీవీలో దానికి ఇదే మొదటి పాత్ర. రేవులో చేపల తూకం దగ్గర పనిచేసే మనిషి.

"పదకొండు మాటలు చెప్పాను నాన్నా. ఎడిటింగులో ఎనిమిది మిగిలాయి."

"ఎనిమిది చాలు. మొదటి పేజీ వార్త కూడా ఎనిమిది వాక్యాలే."

నవ్వింది. "నువ్వు చూస్తావుగా?"

"చూడక?"

"చూడ్డం సరే," అని ఆగింది. తర్వాత వాళ్ళమ్మని పిలవమంది.

పోయినేడు జనవరిలో దాని నాటకానికి వెళ్ళిన సంగతి గుర్తుకొచ్చి ఉంటుంది. ఆ హాలులో ధ్వని బాగోలేదు.

అక్టోబరు 11, మంగళవారం

నలభై రోజులున్నాయి. ఈలోగా స్పీకర్లు పలకాలి.

అక్టోబరు 16, ఆదివారం

ఊహలతో పని జరగదు. ఒక పట్టిక మొదలుపెట్టాను. తేదీ, ఛానల్, కార్యక్రమం, దేశం, మాట స్పష్టమా కాదా. ఇప్పటికి తొమ్మిది వరుసలు. విదేశీ కార్యక్రమాలు ఐదు, ఐదూ స్పష్టం. దేశీయం నాలుగు, నాలుగూ అస్పష్టం.

కొత్త కంపెనీ దేశీయ కార్యక్రమాల ధ్వనిని పాడుచేస్తోంది. ఎలాగో, ఎందుకో తెలియదు. కానీ అంకెలు అంకెలే.

అక్టోబరు 21, శుక్రవారం

జర్మన్ పోలీసు సీరియల్. మ్యూనిక్‌లో హత్య. పట్టికలో రాశాను: పూర్తిగా స్పష్టం, ఒక్క మాట పోలేదు.

బోర్గిల్డ్ టాకో చేత్తో పట్టుకుని నా భుజం మీంచి చూసింది. "నీకు జర్మన్ ఎప్పుడొచ్చింది?"

"నేను రాస్తున్నది ధ్వని గురించి, భాష గురించి కాదు."

"సరే బాబూ, సరే," అని కుర్చీలోకి పోయింది.

అక్టోబరు 22, శనివారం

సొసైటీ శ్రమదానం. ఆకులు ఊడ్చాం, కాలువలు తీశాం, చివర్న వాఫిళ్ళు, కాఫీ. మా పై ఫ్లాట్ తార్యెయ్ వాఫిళ్ళ పెనం దగ్గర నిలబడి అందరితో పరాచికాలు. ముప్పై ఏళ్ళు ఓడల్లో ఎలక్ట్రీషియనుగా చేసినవాడు, ఎక్కడైనా ఓడ డెక్కు మీద ఉన్నట్టే మాట్లాడతాడు. నన్ను చూసి ఏదో అడిగాడు. తల ఊపాను. అందరూ చప్పట్లు కొట్టారు. వసంతంలో సైకిళ్ళ షెడ్డుకి రంగు వేసే బాధ్యత ఒప్పుకున్నానని బోర్గిల్డ్ ఇంటికొచ్చాక చెప్పింది.

గాలి ఎక్కువగా ఉంది ఈరోజు.

అక్టోబరు 24, సోమవారం

నేను పంపిన ఫిర్యాదుకి కంపెనీ నుంచి జవాబు: "మీ ఇంటికి అందుతున్న సంకేతాన్ని పరీక్షించాం. లోపం లేదు." ఇలాగే అంటారని తెలుసు. నలభై ఒక్క ఏళ్ళు రిపోర్టరుగా ఇలాంటి జవాబులు చదివాను.

మా పాత పత్రికకి వ్యాసం రాశాను. 'మన మాటల్ని ఎవరు మింగేస్తున్నారు?' పట్టికలోని అంకెలు ఇచ్చాను. విశేషణాలు రెండే పడ్డాయి, చివరికి అవీ కొట్టేశాను.

అక్టోబరు 27, గురువారం

వేశారు. నాలుగో పేజీ, పైన, ఫొటోతో.

అక్టోబరు 30, ఆదివారం

ఏటా చేసినట్టే, చలికాలం వేళకి గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పాం.

పత్రిక ద్వారా పద్నాలుగు ఉత్తరాలొచ్చాయి. పద్నాలుగు మందీ నాతో నూటికి నూరుపాళ్ళు ఏకీభవిస్తున్నారు. పుట్టిన సంవత్సరం రాసినవాళ్ళు తొమ్మిది మంది. అందరిలోకీ చిన్నవాడు 1948. అనుభవం ఉన్నవాళ్ళు గమనిస్తారు.

పట్టికలో ఇరవై నాలుగో వరుస ఒక్కటే ఇబ్బంది పెడుతోంది. ఉత్తరాది సామీ జాతి రైన్‌డీర్ కాపరుల మీద డాక్యుమెంటరీ. దేశీయం. అయినా పూర్తిగా స్పష్టం. కారణం తెలియదు. మినహాయింపు అని రాశాను.

నవంబరు 1, మంగళవారం

కొత్త పెట్టె వెనక చిన్న చదరపు రంధ్రం ఉంది. మూత తోస్తే లోపల ఎర్రని వెలుతురు. ఆంప్లిఫయర్ వెనక కూడా అలాంటిదే ఒకటి. ఆప్టికల్ కేబుల్ కావాలట, ధ్వని వెలుతురుగా ప్రయాణిస్తుందట. కొన్నాను. రెండు కొసలూ పెట్టాను. టక్కుమని కూర్చోలేదు గానీ నిలబడింది. స్పీకర్లలో ఏమీ లేదు.

కేబుల్ చెడ్డది.

నవంబరు 3, గురువారం

షాపులో మార్చి ఇచ్చారు. రెండోదీ చెడ్డదే.

నవంబరు 4, శుక్రవారం

బోర్గిల్డ్ స్టైన్‌కియెర్‌లో వాళ్ళ అక్క దగ్గరికి వెళ్ళింది. మోకాలి ఆపరేషన్, వారం రోజులు తోడుండాలి. ఒక్కడికి టాకోలు చేసుకోవడం శుద్ధ దండగ. రొట్టె మీద బ్రౌన్ చీజ్ వేసుకుని తిన్నాను. దేశీయ సీరియల్ పెట్టాను. ఎవరో ఎవరినో ఏదో అడిగారు, అవతలి వాళ్ళు ఏడ్చారు. "ఏమన్నాడు?" అని నా నోటి నుంచి వచ్చింది. పక్క కుర్చీ ఖాళీ.

ఆ మాట నేను మామూలుగా అంటానా? తెలియదు. గమనించాలి.

నవంబరు 7, సోమవారం

మూడో కేబుల్. ఇదీ చెడ్డదే. షాపు కుర్రది నన్ను చూసిన తీరు నచ్చలేదు. షాపుల మీద కూడా ఒక వ్యాసం రాయొచ్చు.

పదమూడు రోజులు.

నవంబరు 8, మంగళవారం

మధ్యాహ్నం తలుపు ఎవరో బాదుతున్నారు. తీస్తే తార్యెయ్.

"బతికే ఉన్నావా? మూడుసార్లు గంట నొక్కాను."

"గంట పాడైనట్టుంది."

"గంట బాగానే ఉంది, మెట్ల మీదకి వినపడింది. సరే గానీ, నాలుగు రోజులుగా మీ ఇంట్లో అది కూస్తోంది. పైకెక్కుతూ వింటున్నా, కిందికి దిగుతూ వింటున్నా. ఇంట్లో ఎవరూ లేరేమో అనుకున్నా."

"ఏం కూస్తోంది?"

హాలు పైకప్పుకున్న పొగ అలారం వైపు వేలెత్తాడు. వేలు అలాగే ఉంచి ఆగాడు. "ఇదిగో," అన్నాడు. నేను అతని మొహం చూశాను. మళ్ళీ కాసేపటికి, "ఇదిగో."

నాకు ఏమీ వినపడలేదు.

స్టూలెక్కి అలారం ఊడదీసి నా చెవి పక్కన పట్టుకున్నాడు. "ఇప్పుడో?" చాలాసేపు ఏమీ లేదు. తర్వాత, నాలుగు వీధుల అవతల పిచ్చుక ఒకటి ఒక్కసారి అన్నట్టు.

"బ్యాటరీ అయిపోతే ఇలా కూస్తుంది," అన్నాడు. "నిజంగా మంట లేస్తే అరిచేదీ ఈ గొంతుతోనే." పరాచికం లేకుండా తార్యెయ్ మాట్లాడటం ఇరవై రెండేళ్ళలో నేను చూసింది ఇదే మొదటిసారి.

కాఫీ పెట్టాను. బల్ల మీదున్న కేబుల్ తీసి చూశాడు. కొసని గోటితో గీకాడు. పారదర్శకంగా ఉన్న చిన్న రబ్బరు తొడుగు ఊడి సాసరులో పడింది. రెండో కొస గీకాడు. ఇంకొకటి.

"రిపోర్టరు గారూ! ఇది తొడుగు. కొస గీతలు పడకుండా పెడతారు. ఇది తీసి పెట్టాలి."

"ముందు రెండు కేబుళ్ళు..."

"వాటికీ ఇదే. మా ఓడలో ఇలా చేస్తే నిన్ను దుంపలు తొక్క తీయడానికి పంపేవాళ్ళం."

పెట్టాడు. టక్కుమంది. ఆంప్లిఫయర్‌లో ఏదో మీట తిప్పాడు. కుడి, ఎడమ స్పీకర్లు పలికాయి. మాటలు మాత్రం అలాగే, దుంపలే.

"శనివారం మళ్ళీ వస్తా," అన్నాడు. "అయిదు స్పీకర్లు కొని రెండింటితో బతుకుతున్న మనిషిని చూస్తే నాకు నిద్ర పట్టదు."

నవంబరు 9, బుధవారం

పొద్దున్నే పట్టిక తీశాను. ముప్పై ఒక్క వరుసలు.

పట్టికలో ఒదగని వరుస దగ్గరే వార్త ఉంటుందని కొత్తగా చేరిన ప్రతి రిపోర్టరుకీ నలభై ఏళ్ళు చెప్పాను. ఇరవై నాలుగో వరుస. సామీ కాపరులు. దేశీయం, స్పష్టం. ఆ డాక్యుమెంటరీలో వాళ్ళు మాట్లాడింది సామీ భాష. ఆ భాషలో నాకు రెండు మాటలు వచ్చు. మరి నాకు ఏం స్పష్టంగా వినపడింది?

కుడివైపు ఇంకొక గడి గీశాను. సబ్‌టైటిల్స్ ఉన్నాయా?

డెన్మార్క్, ఉన్నాయి. ఇంగ్లండు, ఉన్నాయి. జర్మనీ, ఉన్నాయి. సామీ, ఉన్నాయి. మన సీరియళ్ళు, లేవు, లేవు, లేవు. స్పష్టం అని రాసిన పద్దెనిమిదింటికీ ఉన్నాయి. అస్పష్టం అని రాసిన పదమూడింటికీ లేవు. ముప్పై ఒకటికి ముప్పై ఒకటి.

చిన్నప్పటి నుంచి చదువుతూనే టీవీ చూసినవాళ్ళం. చదువుతున్నామని కూడా తెలియదు. నేను విన్నాననుకున్నదంతా చదివాను.

ఇప్పుడు రాయాల్సింది ఒకటుంది. పోయినేడు జనవరి, ఓస్లో. నాటకం అయ్యాక భోజనం దగ్గర ఈదున్ అడిగింది, "నేను ఉత్తరం చదివే సీను ఎలా ఉంది నాన్నా?" "అన్నింట్లోకీ అదే బలంగా ఉంది," అన్నాను. అది చాలాసేపు నీళ్ళ గ్లాసు వైపు చూసింది. "ఆ సీను ఈరోజు వెయ్యలేదు. మధ్యాహ్నమే తీసేశారు," అంది.

జరగనిదాన్ని జరిగినట్టు చెప్పాను. ఆ పని చేసిన ఒకణ్ణి 1991లో నేనే ఉద్యోగంలోంచి తీయించాను.

ఆ హాలులో ధ్వని బాగానే ఉంది.

నవంబరు 10, గురువారం

బోర్గిల్డ్ వచ్చింది. బూట్లు విప్పుకుంటుండగానే చెప్పాను.

"నాకు చెవులు సరిగ్గా వినపడటం లేదు."

"రెండేళ్ళయింది," అంది, రెండో బూటు విప్పుతూ.

"మరి చెప్పలేదేం?"

"పోయినేడు ఈస్టరు సెలవులకి అడవిలో మన కేబిన్‌లో కూర్చోబెట్టి చెప్పాను. కట్టెల పొయ్యి చప్పుడు చేస్తోందన్నావు. అప్పుడు పొయ్యి వెలిగించనే లేదు."

"టీవీ ముందు నువ్వు మళ్ళీ మళ్ళీ అంటుంటావే..."

"నువ్వు 'ఏమన్నాడు' అంటావు, నేను చెబుతాను. ఇంకెందుకు అంటాననుకున్నావు, పాత్ర కోసం ప్రాక్టీసా?" కోటు తగిలించి వచ్చి పక్కన కూర్చుంది. "ఇరవయ్యో తారీఖున కూడా చెబుతాలే. ఎనిమిది మాటలేగా."

"వద్దు."

"పోనీ, మన సీరియళ్ళకీ అక్షరాలు వేస్తారు. రిమోట్‌లో టెక్స్ట్ నొక్కి 777 కొడితే చాలు. మా అక్క అలాగే చూస్తుంది."

"చదవను. చదివితే ఎవరి గొంతైనా ఒకటే. నేను దాన్ని వినాలి."

చెయ్యి నా చేతి మీద పెట్టింది. "అయితే పది రోజులే ఉంది," అంది.

నవంబరు 11, శుక్రవారం

పరీక్ష. గాజు గది, చెవులకి డిప్పలు, చేతిలో బొత్తాం. లోపం రెండు చెవుల్లోనూ. అచ్చులు వస్తున్నాయి, హల్లులు పోతున్నాయి. స, త, ఫ, క. మాటలకి ఎముకలు అవే. వినికిడి యంత్రాలకి అపాయింట్‌మెంట్ ఫిబ్రవరి 14.

ఫిబ్రవరి. నవంబరు 20కి యంత్రం లేదు. ఆంప్లిఫయర్ ఒక్కటే ఉంది.

నవంబరు 12, శనివారం

ఈ తేదీ గుర్తుంచుకోవాలి.

పదకొండింటికి తార్యెయ్ టార్చిలైటుతో వచ్చి టీవీ కింద బోర్లా పడుకున్నాడు. కాసేపటికి అక్కణ్ణుంచే అడిగాడు, "బోర్గిల్డ్, ఈ కాక్టస్ కుండీ దేని మీదుంది?"

"ఏదో పెట్టె మీద. మొదట్నుంచీ అక్కడే."

"కుండీ తియ్యి."

టీవీ కింద నిలువునా కాకుండా అడ్డంగా పడుకున్న స్పీకరు అది. తొమ్మిదేళ్ళ కిందట సెట్టుతో పాటు వచ్చింది. దాని మీద మొగ్గ వేసిన, నవంబరులో పూసే కాక్టస్, కింద క్రోషే గుడ్డ.

"ఇది ఎప్పుడైనా పలికిందా?"

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

"ఎలా పలుకుతుంది?" అని లేచి కూర్చున్నాడు. "ఆ ఎర్ర తెల్ల తీగలు అన్నీ ఒకే కుండలో వేసి ఉడికించి రెండు పక్కలకీ పోస్తాయి. మాటలు, సంగీతం, వాన, కారు హారన్లు, అన్నీ కలిపి. అసలు లెక్క అది కాదు. వెనక రెండు వాన కోసం. పక్క రెండు సంగీతం కోసం. మాటలన్నీ మధ్యలోంచి రావాలి. మాటల స్పీకరు మీద మొక్క పెంచారు మీరు."

"మొక్క మాత్రం బాగా పెరిగింది," అంది బోర్గిల్డ్.

కొత్త పెట్టె రిమోట్ తీసుకున్నాడు. ఒక్కొక్క మెట్టూ పైకి చెప్పమన్నాను, నోటుబుక్కులో రాసుకున్నాను. మెనూ. సెట్టింగులు. ధ్వని. బయటికి వెళ్ళే దారి, ఆప్టికల్. రకం, స్టీరియో అని ఉంది, దాన్ని సరౌండ్ చెయ్యాలి. సరే నొక్కాలి. ఆంప్లిఫయర్ ముందు గాజులో ఒక దీపం వెలిగింది, దాని పక్కన నాలుగు. ఈ అయిదు దీపాలూ కలిసి వెలగడం నేను ఎప్పుడూ చూడలేదు.

"ఇప్పుడు అసలు సంగతి," అన్నాడు. "మధ్యదాన్ని ఒక్కదాన్నే పెంచొచ్చు." ఆంప్లిఫయర్ రిమోట్‌లో మధ్య స్పీకరుకి ఒకటి, రెండు, మూడు, ఆరు దాకా పెంచాడు. హల్లులు ఉండే పై శబ్దాలని ఇంకొంచెం ఎత్తాడు.

టీవీలో వాతావరణం చెప్పే ఆమె మాకు వీపు తిప్పి మ్యాపు వైపు నిలబడి ఉంది.

"ఫ్రోయా నుంచి హాల్టెన్ దాకా నైరుతి గాలి," అన్నాను. "సాయంత్రానికి బలపడుతుంది. తీరం వెంట వాన."

చేతిలో రిమోట్ అలాగే ఉంచి తార్యెయ్ నా వైపు తిరిగాడు.

"ఇంకా," అన్నాడు.

"లోపలి ఊళ్ళలో రేపు ఉదయం మంచు. రోడ్ల మీద జాగ్రత్త."

"అక్షరం పోలేదు," అన్నాడు తార్యెయ్. బోర్గిల్డ్ కాక్టస్ కుండీ రెండు చేతులా పట్టుకుని అలాగే నిలబడి ఉంది. ఎక్కడ పెట్టాలో తోచనట్టు.

ముప్పావుగంట వాతావరణం చూశాను. తర్వాత చేపల ధరలు. తర్వాత చర్చిలో ప్రసంగం, పూర్తిగా. దేవుడి మీద నాకు పెద్ద ఆసక్తి లేదు. అయినా ఒక్క మాట వదల్లేదు.

నవంబరు 18, శుక్రవారం

టాకోలు. దేశీయ సీరియల్. వినపడుతోంది, కానీ మాట ముందు, పెదవి తర్వాత. తార్యెయ్‌కి ఫోన్ చేశాను. ఆంప్లిఫయర్‌లో ధ్వనిని కొంచెం ఆలస్యం చేసే చోటు చెప్పాడు. 120 దగ్గర కుదిరింది. అదీ రాసుకున్నాను.

రేపు, ఎల్లుండి వాడు కేబిన్‌కి పోతున్నాడట. అక్కడ ఫోను అందదు. "ఇక నాతో పనేముంది," అన్నాడు.

"ఏమన్నాడు?" ఈ సాయంత్రం ఒక్కసారి కూడా అనలేదు. బోర్గిల్డ్ లెక్కపెట్టింది.

నవంబరు 20, ఆదివారం

జరిగినది జరిగినట్టు రాస్తాను.

ఏడూ ఇరవైకి టీవీ పెట్టాను. మాటలు లేవు. దుంపలు. ఆంప్లిఫయర్‌లో రెండు దీపాలే వెలుగుతున్నాయి. తెర మూలలో చిన్న అక్షరాలు: నిన్న మీ పెట్టె కొత్త వెర్షన్‌కి మారింది.

బోర్గిల్డ్ గుమ్మంలో నిలబడి ఉంది. "తార్యెయ్‌ని..." అని ఆగిపోయింది.

నోటుబుక్కు తెరిచాను. మెనూ ఉన్న చోట లేదు. వేరే బొమ్మ కిందకి మార్చారు. మొదటిసారి తప్పు గదిలోకి వెళ్ళాను, భాషలు, పిల్లల తాళం. వెనక్కొచ్చాను. సెట్టింగులు. ధ్వని. ఆప్టికల్ అలాగే ఉంది. రకం: స్టీరియో. ఎవరో నా ఇంట్లోకి వచ్చి స్టీరియో చేసి పోయారు. సరౌండ్ చేశాను. సరే నొక్కాను.

రెండు దీపాలే.

ఏడూ ముప్పై అయిదు. నోటుబుక్కు మళ్ళీ చదివాను. నా రాతలో, ఒక మూల, తార్యెయ్ ఊరికే అన్న మాట: 'వినకపోతే పెట్టెని గోడ దగ్గర ఆపి మళ్ళీ వెయ్యి, ఓడలైనా ఇంతే.' అనవసరమనుకున్నవి కూడా రాసుకోవడం నలభై ఒక్క ఏళ్ళ అలవాటు. ప్లగ్గు పీకాను. ముప్పై లెక్కపెట్టాను. పెట్టాను. పెట్టె మెల్లగా మేలుకుంది.

ఒకటి. రెండు. మూడు. నాలుగు. అయిదు.

"అయిదూ!" అంది బోర్గిల్డ్. నేను ఆంప్లిఫయర్ రిమోట్ తీశాను. మధ్య స్పీకరు ఆరు దగ్గర, ఆలస్యం 120 దగ్గర, రెండూ ఉన్నచోటే ఉన్నాయి. ఏడూ నలభై రెండు. నేనే చేశాను. ఎవరూ సాయం చెయ్యలేదు.

ఎనిమిదింటికి పెన్ను పట్టుకుని కూర్చున్నాను. అక్షరాలు లేవు, 777 లేదు. బోర్గిల్డ్ అల్లిక తెచ్చుకుంది, ఒక్క వరస కూడా అల్లలేదు. పెదవులు బిగబట్టుకుని కూర్చుంది.

ఇరవై మూడో నిమిషంలో రేవు వచ్చింది. వెనక స్పీకర్లలో వాన. వాన వెనకే ఉంది, ముందుకి రాలేదు. పసుపు రబ్బరు ప్యాంటులో ఈదున్, తూకం బల్ల దగ్గర. పోలీసు అడుగుతున్నాడు. దాని మాటలు నోటుబుక్కులోంచి ఇక్కడికి ఎక్కిస్తున్నాను.

1. ఆగు, బల్ల తడిగా ఉంది.
2. పేరు?
3. ఇది నిన్నటి చేప.
4. నాకేం తెలుసు?
5. ఆ పడవ మంగళవారమే వెళ్ళిపోయింది.
6. చలిగా ఉంది, అంతే.
7. సంతకం ఇక్కడ.
8. నేనతన్ని చూళ్ళేదు.

ఎనిమిదీ రాయడం అయ్యాక నోటుబుక్కు బోర్గిల్డ్‌కి ఇచ్చాను. చదివింది. పైనుంచి కిందికి, మళ్ళీ పైనుంచి. "ఏడోదాంట్లో 'ఇక్కడ' అందా?" అంది. "నాకు వినపడలేదు."

తొమ్మిదీ పదికి ఫోను.

"చూశావా నాన్నా?"

"చూశాం. బాగా చేశావు."

"ఏది బాగుంది?" గొంతు మామూలుగానే ఉంది. కానీ ఇంటర్వ్యూల్లో నేను అడిగేవాణ్ణి అలాంటి ప్రశ్నలు.

"ఆరోది," అన్నాను.

"ఆరోది ఏది?"

"పోలీసు 'ఎందుకు వణుకుతున్నావు' అంటాడు. నువ్వు అటు తిరిగి పెట్టె ఎత్తుతూ, చాలా చిన్నగా, 'చలిగా ఉంది, అంతే' అంటావు. అది అబద్ధమని అక్కడే తెలిసింది."

అటు ఈదున్ కుర్చీ జరిపిన చప్పుడు.

"అక్షరాలు పెట్టుకున్నావా?"

"లేదు. మీ అమ్మనడుగు."

"పెట్టలేదే!" అని బోర్గిల్డ్ గదికి అవతలి నుంచి అరిచింది.

"ఈదున్," అన్నాను. "పోయినేడు ఓస్లోలో నేను ఒక్క మాట కూడా వినలేదు. ఉత్తరం సీనే కాదు. ఏదీ."

"తెలుసు నాన్నా." ముక్కు ఎగబీల్చింది. అదీ వినపడింది. "అందుకే షూటింగులో డైరెక్టర్‌ని అడిగాను, ఆ ఆరో మాట ఇటు తిరిగి, కొంచెం గట్టిగా అననా అని. ఎవరి కోసం అన్నాడు. మా నాన్న కోసం అన్నాను. వద్దన్నాడు."

"మంచి పని చేశాడు," అన్నాను. "గట్టిగా అంటే పాడయ్యేది."

నవంబరు 21, సోమవారం

పత్రికకి దిద్దుబాటు పంపాను. ఎడిటర్ ఫోన్ చేశాడు. "దీనికెందుకు ఎయిలీఫ్, ఎవరికి గుర్తుంది?" అన్నాడు. ఆ పద్నాలుగు మందికి గుర్తుంటుందన్నాను. ఆ వ్యాసం వేసిన పేజీలోనే, అంతే పైన వెయ్యమన్నాను. చివరికి ఒప్పుకున్నాడు.

పంపినది ఇది:

'అక్టోబరు 27న ఈ పేజీలో వచ్చిన నా వ్యాసంలో, దేశీయ సీరియళ్ళలో మాటలు వినపడటం లేదని రాశాను. వినపడుతున్నాయి.'